లాస్ట్ బెంచీ కామెంట్రీ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

మా 1974 ఎస్సెస్సీ బ్యాచ్ తరఫున, మొన్న పోయిన మిత్రుడి గురించి రెండు మాటలు చెప్పమన్నారు కార్యదర్శిగారు. ఐదు నిమిషాలే అన్నారు. వాడే గనక ఇక్కడుంటే ఆ ఐదు నిమిషాలూ మైకు సరిచేసుకోవడానికే అయిపోయేవి. రిజిస్టర్లో వాడికి తాతగారి పేరు పెట్టారు. ఆ పేరుతో మనలో ఎవరూ పిలవలేదు. మనందరికీ వాడు ‘కామెంట్రీ’.

ఆ పేరు ఎలా వచ్చిందంటే అందరూ క్రికెట్ కథే చెబుతారు. అదీ నిజమే. 1971 ఆగస్టు 24, వినాయక చవితి, స్కూలుకి సెలవు. మేం ఎనిమిదో తరగతి. లండన్‌లో ఓవల్ టెస్టు చివరి రోజు. ముందురోజే చంద్రశేఖర్ ఆరు వికెట్లు తీసి ఇంగ్లండును 101కి కూల్చాడు. మనకి 173 కావాలి. నారాయణగూడలో ఒక ఇరానీ హోటల్ కౌంటరు మీద ట్రాన్సిస్టర్ పెట్టారు. ఒకే చాయ్ కొని, సాసర్లో నేను, కప్పులో వాడు తాగుతూ గుమ్మంలో నిలబడ్డాం. ఆ ఇంగ్లీషు వాడికి సగమే అర్థమయ్యేది. మిగతా సగం కల్పించి, బయట నిలబడ్డ జనానికి తెలుగులో కొంత, ఉర్దూలో కొంత వినిపిస్తున్నాడు. గెలుపు పరుగులు కొట్టింది మన హైదరాబాదీ, ఆబిద్ అలీ. అప్పుడు వాడు పెట్టిన కేకకి రోడ్డు మీద రిక్షాలు ఆగాయి.

తిరిగి చిక్కడపల్లికి నడిచి వస్తుంటే అందరూ తలలు దించుకున్నారు, చవితి చంద్రుడు కనబడతాడేమోనని. నాకా భయం లేదు. నాకు చంద్రుడు ఎప్పుడూ పిండిముద్దలాగే కనిపించేవాడు.

అసలు చెప్పదలచుకున్నది ఇదే. నాకు దూరం కనిపించేది కాదు. ఆరో తరగతి నుంచీ కనిపించేది కాదు. ఇంట్లో చెప్పలేదు. నాన్న గుమాస్తా, మేం ఐదుగురు పిల్లలం, కళ్ళద్దాలంటే ఒక నెల పాలఖర్చు. దానికి తోడు క్లాసులో అద్దాలు పెట్టుకున్న ఒకే ఒక్కడిని మనం ఏమని పిలిచేవాళ్ళమో గుర్తుందిగా. సోడాబుడ్డి. ఆ పేరు పెట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. దీపక్ మహల్లో సినిమాకి పోతే డబ్బులున్న రోజున కూడా నేల టిక్కెట్టే కొనేవాణ్ణి. పిసినారి అన్నారు. అననిచ్చాను.

క్లాసులో మాత్రం పొడుగువాళ్ళకి వెనక బెంచీలు. అక్కణ్ణుంచి నల్లబల్ల నాకు నల్లగా మాత్రమే కనిపించేది. పక్కన కూర్చున్న వాడికి ఇది వారంలోనే తెలిసిపోయింది. నన్నేమీ అడగలేదు. లెక్కల సార్ బోర్డు మీద రాస్తుంటే, పెదవులు కదిలీ కదలనట్టు, రాసిందంతా చదవడం మొదలుపెట్టాడు. “ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఐదు ఎక్స్... కొట్టేశారు, కొట్టేశారు, మైనస్... సార్ వెనక్కి తిరిగాడు, ఆగు.” మ్యాపు తగిలిస్తే గోదావరి ఎటునుంచి ఎటు పోతుందో నా అరచేతిలో వేలితో గీసేవాడు. ‘కామెంట్రీ’ అనే పేరు మొదట పుట్టింది అక్కడ. ఓవల్ తర్వాత వచ్చింది.

దొరికినప్పుడల్లా వాడికి అరచేతుల మీద పడేవి. గోడకుర్చీ వేయించేవాళ్ళు. ఎవరితో మాట్లాడుతున్నావురా అని అడిగితే “ఊరికే సార్” అనేవాడు. నేను పుస్తకంలోకి చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఆ ఏడాది ప్రోగ్రెస్ కార్డులిచ్చిన రోజు వాళ్ళింటికి వాడితోపాటు వెళ్ళాను. వాడి కార్డు కింద ‘పాఠము జరుగుచుండగా మాట్లాడును’ అని ఉంది. వాళ్ళ నాన్నగారు అది చదివి సంతకం పెట్టి, కార్డు బల్ల మీద బోర్లా పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. కొట్టలేదు, తిట్టలేదు. వాడి ముఖం చూశాను. అప్పుడైనా చెప్పొచ్చు. నా చేతిలో నా కార్డు ఉంది. అందులో ఏముందో తర్వాత చెబుతాను.

తొమ్మిదిలో వాడే మా నాన్న దగ్గరికి వెళ్ళి చెప్పేశాడు. మెహదీపట్నం సరోజినీదేవి కంటాసుపత్రికి తీసుకెళ్ళారు. మైనస్ మూడున్నర. నా గుట్టు బయటపెట్టాడని నెలరోజులు వాడితో మాట్లాడలేదు, అదీ నా బుద్ధి. అద్దాలొచ్చాక మొదటిరోజు చెట్టుకి ఆకులు విడివిడిగా ఉంటాయని చూశాను. వాడు మాత్రం బెంచీలో గొణగడం మానలేదు, అప్పటికి అలవాటైపోయింది. ఆ తర్వాత తిన్న దెబ్బలు వాడి సొంతం, నావి కావు.

చదువులయ్యాక నేను నాగపూర్ వెళ్ళాను. వాడు అశోక్‌నగర్ వదల్లేదు. 2000 ఆగస్టులో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడి, హుస్సేన్‌సాగర్ మత్తడి నీళ్ళు మోసే నాలా పొంగి, వాళ్ళింట్లో నడుములోతు నీళ్ళు నిలిచాయి. నాలుగో రోజున ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాడు. “ఆగస్టు 24 మనకి మంచిరోజనుకున్నాం కదరా” అన్నాడు. మా గ్రూప్ ఫోటో ఆ నీళ్ళలో పోయింది. అటక మీదున్న రేకుపెట్టె ఒక్కటే మిగిలింది.

రిటైరయ్యాక రోజూ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోయేవాడు. గ్రూప్స్ పరీక్షలకి చదివే పిల్లలతో కుర్చీ కోసం పోటీ. వాళ్ళకి కూడా ఏదో చెబుతూనే ఉండేవాడట. అక్కడి వాళ్ళు గదమాయించేవాళ్ళట.

పోయినేడాది పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ ఎనిమిది నెలల్లో నేను రెండుసార్లే వచ్చాను. రెండోసారి టీవీలో మ్యాచ్ వస్తోంది, సౌండ్ తీసేసి ఉంది. పక్కన కూర్చుని, వాడు చేసినట్టే బంతి బంతికీ చెప్పడం మొదలుపెట్టాను. రెండు ఓవర్లు విన్నాడు. తర్వాత చెయ్యి ఎత్తి, ఆపమన్నట్టు ఊపాడు. నవ్వాడు కూడా, ఒకవైపు. చెప్పడం నాకు చేతకాదని వాడికి తెలుసు. ఎనిమిదో తరగతి సంగతి ఎత్తుదామనే వెళ్ళాను. ఆపేసి, మ్యాచ్ అయిపోయేదాకా ఇద్దరం ఊరికే చూశాం.

పదకొండో రోజున మా చెల్లెమ్మ, అంటే వాళ్ళావిడ, ఆ రేకుపెట్టె తెరిచి ఎనిమిదో తరగతి కార్డు నా చేతికిచ్చింది. “ఆయన ఇది ఎందుకు దాచుకున్నారో మీకేమైనా తెలుసా అన్నయ్యగారూ?” అని అడిగింది. ఆవిడకి చెప్పాను. ఇవాళ మీకు చెబుతున్నాను. రాసిన సార్‌కి చెబుదామంటే ఆయన కూడా లేరు.

నా కార్డు వెతికితే దొరికింది. రెండూ తెచ్చాను. బయట వరండాలో పాత ఫోటోల బల్ల ఉంది కదా, అక్కడ పక్కపక్కన పెడతాను, వెళ్ళేటప్పుడు చూడండి. అదే సార్, అదే చేతిరాత, అదే తేదీ. వాడి కార్డులో ఉన్నది చెప్పాను. నా కార్డులో ‘పాఠము శ్రద్ధగా వినును’ అని ఉంది.