గుప్పెడంటే ఎంత?



ఇంజనీరుకు వంటల పుస్తకాలెందుకని నవ్వకండి. మా ఇంట్లో ఒక అల్మారా నిండా అవే. మాలతీ చందూర్ గారి ‘వంటలు - పిండివంటలు’లో నూనె మరకలున్న పేజీలు చూస్తే చాలు, ఏ వంట ఎక్కువ చేశామో తెలుస్తుంది. మీనాక్షి అమ్మాళ్ 1951లో తమిళంలో తెచ్చిన ‘సమైత్తుప్పార్’ కొత్త కోడళ్లకు చేతిపుస్తకమైంది. వి.వి.గిరి గారి పెద్దమ్మాయి సుభద్ర గారి వంటలను జిజ్ఞాసా గిరి, ప్రతిభా జైన్ ఆమెనడిగి రాసుకుని పుస్తకం వేశారు.

అది చూశాకే నేనూ అమ్మ పక్కన తక్కెడ పెట్టుకుని కూర్చున్నాను. సర్వపిండికి గుప్పెడు పల్లీలంది. తూచితే 40 గ్రాములు. మా ఆవిడ గుప్పెడు 30 గ్రాములే! బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, కారం కలిపి సర్వకు అద్దడం, వేలితో చిల్లులు పెట్టి నూనె పోయడం, సన్నని మంట, అన్నీ రాశాను. రెండో వాయికి ముందు సర్వ చల్లారాలన్న మాట మాత్రం అమ్మ చెప్పలేదు, చేస్తుంటే చూసి రాసుకున్నాను. ఆమెకది చెప్పాల్సిన సంగతిగా తోచలేదు.

పుస్తకాల్లో జారిపోయేవి ఇలాంటివే. మన అమ్మలు ఎనభైలకు చేరారు. సకినాల పిండి తడి ఎంతుండాలో వాళ్ల వేళ్లకే తెలుసు. ఈ సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు తలా ఒక వంట పక్కన కూర్చుని రాసుకురండి. అందరివీ కలిపి కుడదాం.