మన జిల్లా చిన్న రైలు



వజ్రోత్సవాన్ని దాటి ప్లాటినం ఉత్సవానికి చేరిన ఈ పాఠశాలలో నాకు మాట్లాడే అవకాశం కలిగినందుకు ధన్యుణ్ణి. నేను చరిత్రకారుణ్ణి కాను. అయినా ఈ బడిలోనే మొదలైన ఒక ప్రశ్న నన్ను ఇంతకాలం వెంటాడింది. తెలుగు వాచకంలో పొగబండి పాఠం చెబుతూ మా మాస్టారు, "మీలో చిన్న రైలు ఎక్కినవారెవరు?" అని అడిగారు. తరగతిలో సగం చేతులు లేచాయి. ఇవాళ ఈ సభలో అదే ప్రశ్న వేస్తే, ముందు వరుసలోని తలనెరసినవారు తప్ప మరెవరూ చెయ్యెత్తరు. అందుచేతనే ఈ నాలుగు మాటలు.

మన మాలూరు అదృష్టవంతురాలు. మద్రాసు నుండి జోలార్‌పేట మీదుగా బెంగుళూరు కంటోన్మెంటుకు 1864లో రైలు నడిచింది. ఆ దారిలోనే మన స్టేషను ఉన్నది. కాని జిల్లా కేంద్రమైన కోలారు ఆ దారికి దూరంగా ఉండిపోయింది. మైసూరు కమిషనరు బౌరింగు పేరు పెట్టుకొన్న బౌరింగుపేటలో, అనగా నేటి బంగారుపేటలో దిగి, అక్కడి నుండి ఎడ్లబండిలో పోవలసినదే. కోలారు రైలు ముఖం చూచినది 1913లో. మాలూరుకూ కోలారుకూ నడుమ దాదాపు అర్ధ శతాబ్ది తేడా!

ఆ వచ్చినది కూడా పెద్ద రైలు కాదు. మన స్టేషనులోని పట్టాల నడుమ ఎడం 1,676 మిల్లీమీటర్లు. కోలారు మార్గానిది 762, అనగా రెండున్నర అడుగులు. సగం కంటే తక్కువే. గేజి తగ్గితే మట్టిపని తగ్గును, వంతెనలు చిన్నవగును, పట్టాలు తేలికవగును, మలుపులు ఇరుకుగా తిప్పవచ్చును. జిల్లా బోర్డు రైల్వే సెస్సు వసూలు చేసి వేసిన మార్గమిది. రైతు కట్టిన పన్నుకు తగినంత వెడల్పు అనుకోవాలి. అటు బెంగుళూరు వైపు నుండి 1915లో చిక్కబళ్ళాపురం లైటు రైల్వే బయలుదేరింది. ఆ ఊరి పక్కనున్న ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారు అప్పుడు మైసూరు దివాను. కోలారు, శ్రీనివాసపురం, చింతామణి, శిడ్లఘట్ట, చిక్కబళ్ళాపురం, యలహంక - ఇలా ఈ రెండు కొసలూ కలిసిపోయాయి. మామిడి పండ్లు, వేరుశనగ, పట్టుగూళ్ళు అన్నీ ఈ దారిలో ఊళ్ళవే.

ఇక యంత్రం సంగతి. బాల్యంలో నాకది బొమ్మవలె కనిపించేది. పక్కన నిలిచిన తరువాతగాని దాని వేడి తెలిసేది కాదు. కొలిమిలోని మంట పొడుగాటి గొట్టాల గుండా ముందుకు పోతుంది. ఆ గొట్టాల చుట్టూ నీరు. నీరు ఆవిరియై పైనున్న గుమ్మటంలో చేరుతుంది. డ్రైవరు మీట లాగగానే ఆవిరి సిలిండరులోకి దూకి ముషలకాన్ని నెట్టును, ఆ నెట్టుడు కడ్డీ ద్వారా చక్రానికి అందును. పని ముగిసిన ఆవిరిని పొగగొట్టం లోనికే వదలుతారు. అది పోతూ పోతూ మంటను లాగి మరింత రాజేస్తుంది. "చుక్ చుక్" అని మనం వినేది ఆ ఊపిరినే. అంటే బండి ఎంత కష్టపడితే మంట అంత పెరుగుతుంది. ఇంతకంటే తెలివైన ఏర్పాటును నేను యంత్రాలలో చూడలేదు.

మా అమ్మమ్మగారి ఊరు శ్రీనివాసపురం దగ్గర. మాలూరులో పెద్ద రైలెక్కి, బంగారుపేటలో మూట నెత్తిన పెట్టుకొని చిన్న రైలుకు మారేవాళ్ళం. నడిచే బండి దిగి చింతకాయలు కోసుకొని మళ్ళీ ఎక్కవచ్చునని చెప్పుకొనేవారు. అది కొంత అతిశయోక్తి. ఎగుడు మీద మాత్రం పూర్తిగా అబద్ధం కాదు! ఒకసారి కిటికీలో తల పెట్టినందుకు నిప్పురవ్వ పడి పండుగ చొక్కాకు చిల్లి పడింది. "రైలు నీకు బొట్టు పెట్టిందిరా అబ్బీ" అని అమ్మమ్మ నవ్వింది. అమ్మ మాత్రం నవ్వలేదు.

ఆ నిప్పురవ్వ ఎక్కడిదని అడిగితే, కథ అడవిలోకి పోతుంది. దక్షిణాదిన తొలినాళ్ళ రైలింజన్లు చాలావరకు కట్టెలతోనే నడిచాయి. మద్రాసు ప్రభుత్వం రైళ్ళ వంటచెరకు కోసమే సరుగుడు తోపులు పెంచింది. మన బంగారు గనుల బాయిలర్లూ కట్టెలనే తిన్నవి. గనిలోపల కప్పు కూలకుండా నిలబెట్టినవీ దుంగలే. 1894లో మారికుప్పం వరకు రైలు వచ్చి బొగ్గు తేవడం సులువైనా, కట్టెల ఆకలి ఒక్కమారుగా తీరలేదు. 1902లో శివనసముద్రం నుండి సుమారు 147 కిలోమీటర్ల తీగ మీద విద్యుత్తు వచ్చాకనే మన చుట్టుపక్కల చెట్లకు కొంత ఊపిరి ఆడింది. మన చిన్న రైలు దుంగల కోసం పుట్టినది కాదు. అటువంటివి చూడాలంటే మలెనాడు పోవాలి. 1923లో మొదలైన భద్రావతి ఇనుప కర్మాగారంలో కొలిమికి కట్టెబొగ్గే ఆధారం. అడవి నుండి దుంగలు మోయుటకు చిన్న పట్టాలు వేశారు. ఇనుము మనకు గర్వకారణమే. అయితే ఆ ఇనుములో ఎన్ని ఎకరాల అడవి కరిగిందో కూడా లెక్క వేయవలసి ఉన్నది. మన పెంకుల బట్టీల ఊరివారికి ఈ మాట పరాయిది కాదు.

1951లో మైసూరు రైల్వేలు దక్షిణ రైల్వేలో కలిశాయి. 1990లలో గేజి మార్పిడి మొదలైంది. బంగారుపేట, కోలారుల నడుమ పెద్ద పట్టాలు పడ్డాయి. వాటి మీద కొన్నేళ్ళు రైల్‌బస్సు కూడా తిరిగింది. కోలారు, చిక్కబళ్ళాపురం నడుమ భాగం మాత్రం 2013 నవంబరు దాకా ఎదురుచూచింది. రైలు లేని ఆ కాలంలో శ్రీనివాసపురం మామిడికాయ లారీ కిరాయికి తలవంచింది. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. వాటి కోసం వేసిన మారికుప్పం పట్టాల మీద నేడు పొద్దున్నే వేలమంది బెంగుళూరు కూలికీ కొలువుకూ పోతున్నారు. బంగారం పోయింది, బండి మిగిలింది.

పిల్లలారా, మీ ఇళ్ళలో తాతలు, అవ్వలు ఉంటే చిన్న రైలెక్కారా అని ఈ రాత్రే అడగండి. ఏ స్టేషనులో నీళ్ళు పట్టేవారో, టిక్కెట్టు ఎంతో, ఏం మూటలు మోసేవారో తెలుగులో రాసి మీ మాస్టారికి ఇవ్వండి. ప్రధానోపాధ్యాయులు వాటిని బడి గ్రంథాలయంలో భద్రపరుస్తామని నాకు మాట ఇచ్చారు. మొదటి కాగితంగా నా చొక్కా చిల్లి కథ రాసి తెచ్చాను. సభ ముగియగానే వారి చేతికిస్తాను. సెలవు.