ఆముదపు దుమ్ము, దేహములోని పాతరలు



షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారు 1922లో నీలగిరి పత్రికను వెలువరించిన ఈ నల్లగొండలో, శాస్త్రవిషయమును తెలుగున ప్రసంగింపుమని నన్నాజ్ఞాపించిన మీ సౌజన్యమునకు కృతజ్ఞుడను. ఈ పీఠమునుండి భాషాసేవనుగూర్చి నాలుగు మంచిమాటలు పలికి కూర్చుండుట సులభమే. కాని ఊరిచుట్టును చల్కనేలల పంట కన్పట్టుచుండగా దానిని విడిచి ఆకాశమును వర్ణించుట నాకు రుచింపలేదు. కావున ఆముదపు కళ్లమును గూర్చియే మాటాడెదను.

నల్లగొండ, మహబూబునగరు సీమలలో వాననే నమ్ముకొన్న రైతు తరతరములుగా ఆముదమును విత్తుచున్నాడు. పాలెములోని వ్యవసాయ పరిశోధనస్థానము క్రాంతి, కిరణ్, హరిత యను వంగడములను ఆతని చేతికందిచ్చినది. గెలలు కోసి, ఎండబెట్టి, కట్టెలతో కొట్టి, చాటలతో తూర్పారబట్టునపుడు చితికిన గింజలనుండి లేచెడి ధూళి పదిమందిలో తొమ్మిదిమందిని ఏమియు చేయకపోవచ్చును. పదవవానికి మాత్రము నిమిషములలో తుమ్ములు, కన్నుల దురద, ఒంటిపై దద్దులు, తుదకు మన పల్లెలవారు దమ్మని చెప్పెడి ఆయాసము. అమెరికాలోని టొలీడో నగరమున నూనెమిల్లు చెంత కాపురమున్నవారికి ఉబ్బసము ప్రబలగా, గాలిలో కలిసెడి ఆముదపు ధూళియే హేతువని ఫిగ్లీ, ఎల్రాడ్ అను వైద్యులు 1928లో ప్రకటించిరి. గింజను చేత ముట్టకున్నను, గాలివాటున నివసించుటయే ఆ నగరవాసుల పాలిటికి చాలినది.

ఆముదపు గింజలో రిసిన్ అను విషమున్నమాట నిజము. అది ఎవ్వరినైనను చంపగలదు. కాని దమ్మును రేపుటలో ముఖ్యపాత్ర, మొలకకు ఆహారముగా గింజ దాచుకొన్న మఱియొక చిన్న మాంసకృత్తుది. అది కొందఱినే పట్టుటకు కారణము ఆ కొందఱి దేహములలోనే యున్నది.

చర్మమునందును, ముక్కుపొరలయందును, శ్వాసనాళముల గోడలయందును, సన్నని రక్తనాళముల నంటిపెట్టుకొని మాస్టుకణములు వసించును. పాల్ ఎర్లిఖ్ విద్యార్థిదశలోనే రంగులద్ది వీనిని గుర్తించెను. వీనిలో క్రిక్కిఱిసిన రేణువులలో హిస్టమిన్ కలదని డండీ నగరమున రైలీ, వెస్ట్ అను పరిశోధకులు 1953 నాటికి తేల్చిరి. ధూళి తొలిసారి సోకినపుడు రోగికి ఏ బాధయు తెలియదు. ఆ నిశ్శబ్దములోనే దేహము, 1966లో ఇషిజాకా దంపతులు కనుగొన్న ఐజీఈ అను ప్రతిరక్షకమును సిద్ధపఱచును. రక్తములో రెండుమూడు దినములలోనే సగమునకు తఱిగిపోవు ఆ పదార్థము, మాస్టుకణముపై కుదురుకొన్నపిమ్మట వారములకొలది కాచియుండును. మరల ధూళి వచ్చి, ప్రక్కప్రక్కనున్న ప్రతిరక్షకములను జతగా పట్టి కలిపినపుడే కథ నడచును. ఒంటిదానిని తాకిన ఫలము లేదు. జత కుదిరినంతనే లోపల లిన్ అను ఎంజైము సిక్ అను ఎంజైమును మేల్కొల్పును. కణాంతర్భాగమున నిలువయున్న కాల్షియము వెల్వడును. ఆ నిలువ తఱిగెనో లేదో, వెలుపలి కాల్షియమునకు ద్వారములు తెఱచుకొనును. ఆ వెల్లువకు రేణువు పొర కణపు వెలిపొరతో అతుకుకొని, అతికినచోట రంధ్రమేర్పడి, లోని సరుకంతయు బయటపడును. కణము పగిలిపోవునని కొందఱు వ్రాయుదురు; నేనొప్పను. పాతర మూత తీసి జొన్నలు తోడినట్లు జరుగు పని యది. కణము బ్రదికియుండి, కొన్నాళ్లకు మరల నింపుకొనును.

వెల్వడిన హిస్టమిన్ రక్తనాళములను సడలించి నీరూరజేయుటచే దద్దు, నాడుల కొనలను కెలకుటచే దురద, శ్వాసనాళపు కండరమును బిగించుటచే దమ్ము. దానివెనుకనే కణము ల్యూకోట్రయీనులను అప్పటికప్పుడు తయారుచేసి పంపును. ఆ బిగువు హిస్టమిన్ బిగువుకంటె మొండిది. నాలుగు మొదలు ఎనిమిది గంటలకు, ఇతర రక్తకణములును వచ్చి చేరగా, రెండవ విడత రావచ్చును. మధ్యాహ్నము కళ్లములో తుమ్మి తేఱుకొన్న కూలి రాత్రి మంచముపై కూర్చుండి ఊపిరికై పెనగులాడుట ఇందువలననే, ఆ రాత్రి పిలువబడిన వైద్యుడు "ఏమి తింటివి?" అని అడుగుటకు ముందు "పగలు ఏ పనికి పోతివి?" అని అడుగవలయును. దద్దులకు వేసికొనెడి హిస్టమిన్ విరోధి మాత్ర ల్యూకోట్రయీనుల నడ్డదు గనుక ఆయాసమునకు చాలదు. గొంతు వాచి, రక్తపుపోటు పడిపోవునపుడు తొడకు ఎడ్రినలిన్ సూది వేయుటయే ప్రథమ కర్తవ్యము.

ఇక నూనె పిండగా మిగిలిన చెక్క సంగతి. శుద్ధిచేసిన ఆముదములో ఈ మాంసకృత్తు ఉండదు. అది పిండిన చెక్కలోనే మిగులును, ఆ చెక్క ఎరువై పొలములకు పోవును. వేడికి రిసిన్ నశించును. ఈ చిన్న మాంసకృత్తు మాత్రము గంధకబంధములచే గట్టిగా ముడిపడియుండుటచే వేడిని చాలవఱకు తట్టుకొనును. చెక్కను ఉడికించితిమి, విషము పోయినది అని వ్యాపారి చెప్పెడి మాట రిసిన్ మట్టుకు సత్యమే. ఆ సంచిని భుజమున మోసెడి హమాలీ మట్టుకు కాదు.