వేట నుండి సాగుకు: ఒక గింజ ఇచ్చిన సాక్ష్యం



ఈ పాఠం చదివే ముందు ఒక చిన్న పని చేయండి. గుప్పెడు ఉలవలను రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఉదయం తడిబట్టలో మూటకట్టి ఉంచండి. ఒకటి రెండు రోజుల్లో దాదాపు అన్నీ ఒకేసారి మొలకెత్తుతాయి. ఇందులో వింతేముంది అనుకుంటున్నారా? అడవిలో పెరిగే మొక్కకు ఇలా జరగడం ప్రాణాపాయం. తొలకరి జల్లుకే గింజలన్నీ మొలిచి, ఆ తర్వాత నెలరోజులు వాన ముఖం చాటేస్తే ఆ మొక్క సంతతి మొత్తం ఎండిపోతుంది. అందుకే అడవి పప్పుజాతి మొక్కల గింజలకు మందమైన పొట్టు ఉంటుంది. నీరు లోపలికి సులభంగా పోదు. కొన్ని గింజలు ఈ ఏడాది మొలుస్తాయి, కొన్ని వచ్చే ఏడాది, మరికొన్ని ఆ తర్వాత. మరి మన ఉలవలకు ఆ జాగ్రత్త ఎలా పోయింది?

ఈ ప్రశ్న వెనుక చాలా పెద్ద చరిత్ర ఉంది. మనిషి ఆహారాన్ని సేకరించుకునే దశ నుండి పండించుకునే దశకు మారడాన్ని వి. గోర్డన్ చైల్డ్ 1936లో ‘నవీన శిలాయుగ విప్లవం’గా వర్ణించాడు. ఆ మాట పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది. ఎవరో ఒక తెలివైన మనిషి, పారేసిన గింజ మొలకెత్తడం చూసి వ్యవసాయం కనిపెట్టాడన్న కథ కూడా దానితోపాటు ప్రచారంలోకి వచ్చింది. నాకు ఈ కథ మీద ఏ మాత్రం నమ్మకం లేదు. గలిలీ సరస్సు ఒడ్డున ఒహలో అనే చోట సుమారు 23,000 ఏళ్ళ క్రితమే మనుషులు అడవి బార్లీ సేకరించి రాతిమీద నూరుకున్నారు. గింజ నుండి మొక్క వస్తుందని వాళ్ళకు తెలియదంటే ఎలా నమ్ముతాం?

అసలు చిక్కు వేరే ఉంది. 1960లలో జాక్ హార్లన్ అనే అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు టర్కీలోని కరాజదాగ్ కొండవాలులో చెకుముకిరాతి కొడవలితో అడవి గోధుమ కోసి చూశాడు. గంటకు సుమారు కిలో శుభ్రమైన గింజ వచ్చింది. పంట పక్వానికి వచ్చిన మూడు వారాల్లో ఒక కుటుంబం తాను ఏడాదంతా తిన్నా తరగనంత గింజ కూడబెట్టవచ్చని ఆయన లెక్కగట్టాడు. దున్నకుండా, విత్తకుండా మూడు వారాల్లో ఏడాది తిండి దొరుకుతుంటే, ఎవరైనా ఎందుకు సేద్యానికి దిగుతారు?

దీనికి ఒకే కారణం చెప్పలేం. సుమారు 11,700 ఏళ్ళ క్రితం హిమయుగం ముగిసి, వాతావరణం నిలకడగా మారింది. పశ్చిమాసియాలో అంతకుముందే కొందరు ఇళ్ళు కట్టుకుని ఒకేచోట ఉండసాగారు. స్థిరనివాసంలో కాన్పుల మధ్య ఎడం తగ్గుతుంది. నోళ్ళు పెరిగేకొద్దీ చుట్టుపక్కల దొరికేది చాలదు, తెచ్చిన గింజలో కొంత తిరిగి చల్లక తప్పదు. అలా చల్లినప్పుడు మొక్క కూడా మారడం మొదలైంది. అడవి గోధుమలో, బార్లీలో కంకి పండగానే విరిగి గింజలు రాలిపోతాయి. ఏవో కొన్ని మొక్కల్లో మాత్రం జన్యులోపం వల్ల అవి రాలవు. అడవిలో అలాంటి మొక్కకు భవిష్యత్తు లేదు. కానీ కొడవలితో కోసి ఇంటికి తెచ్చే కంకుల్లో ఎక్కువగా ఉండేవి అవే, మరుసటి ఏడాది విత్తనమయ్యేవీ అవే. బార్లీలో దీనికి కారణమైన రెండు జన్యువుల వివరాలు 2015లో వెలువడ్డాయి. అయితే రాలని రకాలు పూర్తిగా స్థిరపడడానికి రెండు మూడు వేల ఏళ్ళు పట్టింది. ఇంత నెమ్మదిగా జరిగిన దాన్ని విప్లవం అనవచ్చా, మీరే ఆలోచించండి.

ఈ మార్పుకు మూల్యం కూడా ఉంది. సిరియాలోని అబూ హురేరా గ్రామపు అస్థిపంజరాలను పరిశీలించిన థెయా మోల్సన్, చాలామంది స్త్రీల కాలి బొటనవేళ్ళు, మోకాళ్ళు, వెన్నుపూసలు అరిగి దెబ్బతిన్నాయని గుర్తించింది. రోజూ గంటల తరబడి మోకాళ్ళమీద కూర్చుని రాతిమీద గింజలు నూరినందుకు మిగిలిన గుర్తులవి.

ఇక మన ఉపఖండానికి వద్దాం. నేటి పాకిస్తాన్‌లోని బెలూచిస్తాన్‌లో ఉన్న మెహర్‌గఢ్‌లో ఫ్రెంచి పురావస్తు శాస్త్రజ్ఞుడు జారిజ్ బృందం 1974 నుండి తవ్వకాలు జరిపింది. బార్లీ, గోధుమ, మూపురం ఉన్న పశువులు అక్కడ కనిపించాయి. మేం చదువుకునే రోజుల్లో ఆ గ్రామం ఆరంభం క్రీ.పూ. 7000 అని రాసేవాళ్ళం. 2025లో ప్రచురితమైన పరిశోధన, సమాధుల్లోని పళ్ళ పింగాణీ పొరకు కాలనిర్ణయం చేసి దాన్ని సుమారు క్రీ.పూ. 5200కు దించింది. పరీక్షలో ఏ తేదీ రాయాలో మీ ఉపాధ్యాయులను అడగండి, ఆ తేదీ మారడానికి కారణం మాత్రం మీరు గుర్తుంచుకోండి.

దక్కన్ దారి ఇంకోటి. బళ్ళారి, రాయచూరు, కర్నూలు, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో పెద్ద పెద్ద బూడిద దిబ్బలున్నాయి. రాక్షసుల శవాలు కాలిన బూడిద అని ఊళ్ళలో చెప్పుకునేవారు. 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఆదిలాబాదు ఉట్నూరు కాదు) ఒక దిబ్బను తవ్వాడు. అది పశువుల దొడ్డి! పేడ పేరుకుపోయాక తగలబెట్టగా ఏర్పడిన బూడిద అది. దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలు, పశువుల గిట్టల ముద్రలు కూడా బయటపడ్డాయి. ఈ నవీన శిలాయుగపు ప్రజలు పండించుకున్నవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు. గోధుమ, బార్లీ ఇక్కడికి తర్వాత, అదీ కొద్దిగానే చేరాయి. అంటే సాగును మనవాళ్ళు ఎక్కడినుండో మూటగట్టి తెచ్చుకోలేదు, ఈ నేలమీద దొరికిన గింజలతోనే నడిపారు.

సేద్యం వస్తే నగరాలు వాటంతటవే వస్తాయనీ అనుకోకండి. మెసొపొటేమియాలోని ఉరుక్‌లో క్రీ.పూ. 3300 ప్రాంతంలో మట్టిపలకలమీద తొలి రాతలు పుట్టింది ఎక్కువగా ధాన్యం, పశువుల లెక్కల కోసమే. క్రీ.పూ. 2600 నాటికి హరప్పా, మొహెంజొదారో మహానగరాలయ్యాయి. అదే కాలంలో దక్కన్‌లో పశువులు, చిన్న పల్లెలే ఉన్నాయి. వాళ్ళు వెనుకబడ్డారని తీర్మానించడానికి నేను సిద్ధంగా లేను.

మళ్ళీ మన ఉలవల దగ్గరకు వద్దాం. 2017లో షార్లీన్ మర్ఫీ, డోరియన్ ఫుల్లర్ తవ్వకాల్లో దొరికిన మాడిన ఉలవగింజలను పగలగొట్టకుండా, శక్తిమంతమైన ఎక్స్ కిరణాలతో లోపలి పొట్టు మందాన్ని కొలిచారు. అడవి రకంలాంటి గింజల పొట్టు 17 మైక్రాన్లకు పైగా, సాగుకు అలవాటుపడిన వాటి పొట్టు 10 నుండి 15 మైక్రాన్ల మధ్య ఉంది. ఏటా త్వరగా మొలిచిన వాటినుండే మళ్ళీ విత్తనం తీయడంవల్ల పొట్టు తరతరాలుగా పలచబడింది.

ఇప్పుడు మీ మూట విప్పి చూడండి. ఎంత నానినా మెత్తబడని గింజలు ఒకటో రెండో ఉండవచ్చు. మొలకలు తినేటప్పుడు పంటికింద రాయిలా తగిలేవి అవే. వాటిని పారేయకుండా ఒక కుండీలో నాటి, ఎన్నాళ్ళకు మొలుస్తాయో రాసిపెట్టండి.