సిపాయి తొడిగిన ఎఱ్ఱ అంగీ

సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చు ఇండ్లు మన గోదావరి సీమలో నేటికిని కలవు. అటకమీది పెట్టెను దింపి, చేయి విఱిగిన బొమ్మకు చేయి అతికి, వన్నె తఱిగినదానికి మరల రంగు వేయుట ఆ యింట పండుగకు ముందటి పని. ఆ పనినే ఏడాది పొడవునను చేయువారు కొందఱున్నారు. వారిలో నేనొకడను. అయితే నా కొలువులో పెండ్లివారును, పండ్లమ్మియు లేరు. సిపాయిలు, రౌతులు, ఫిరంగులు ఉన్నవి.

బల్లమీద చిన్న సైన్యములను మోహరించి, బద్దతో నడక కొలిచి, పాచికలు వేసి పూర్వ యుద్ధములను తిరిగి ఆడుట పాశ్చాత్య దేశములలో ప్రసిద్ధమైన వినోదము. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అను పుస్తకమున ఇట్టి ఆటకు నియమములు వ్రాసెను. చతురంగమును కన్న దేశమువారమగు మనకు ఇది బొత్తిగా క్రొత్తది కాదు. కాని చదరంగపు బంటునకు ముఖముండదు. ఈ బొమ్మకు ముఖముండవలెను. నేడు వాడుకలోనున్న బొమ్మలు ఎక్కువగా 28 మిల్లీమీటర్లవి. బొటనవ్రేలి పై కణుపంత.

నెపోలియను సైనికుల బొమ్మలు అచ్చులలో పోసి అమ్ముదురు. మన జమీందారుల కాల్బలము దొరకుట కష్టము. కావున దొరకిన బొమ్మనే కావలసిన బొమ్మగా మార్చుకొనవలెను. ఈ విద్యకు గురువులు మనకు దూరమున లేరు. కొండపల్లి పనివారు తెల్ల పొణికి కఱ్ఱతో అవయవములను వేరువేరుగా చెక్కి, చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతుకుదురు. నా బొమ్మలు ప్లాస్టిక్కువి గనుక, నేను హార్డువేరు దుకాణములో దొరకు ఎమ్-సీల్ వాడుచున్నాను. రెండు ముద్దలను సమముగా కలిపి, పాత టోపీని చెక్కివేసిన తలపై చుట్టి, గట్టిపడకముందే తడి సూదితో గీతలు గీసినచో తలపాగా మడతలు వచ్చును. చేతిలోని తుపాకిని కోసి సన్నని ఇత్తడి తీగను గ్రుచ్చినచో బల్లెమగును.

రంగు వేయుటకు ముందు బొమ్మను సబ్బునీట కడుగవలెను. లేనిచో రంగు పట్టదు. తరువాత పునాది పూత. కొండపల్లివారు సున్నము పూయుట వంటిదే. దానిపై అసలు రంగు. అది ఆరిన పిదప, నీళ్ళవలె పలుచనిచేసిన ముదురు రంగును మడతలలోనికి పాఱించి, ఎత్తైన చోట్ల లేతరంగు తాకింపవలెను. ఇంత చిన్న వస్తువుపై దీపపు వెలుగు చాలినంత నీడను వేయదు. ఆ నీడను మనమే వ్రాయవలెను.

నేను బల్లపై నిలిపినది చందుర్తి యుద్ధము. ఈ గ్రామము నేటి కాకినాడ జిల్లాలో, పిఠాపురమునకు సమీపమున, గొల్లప్రోలు మండలమందున్నది. విజయనగర ప్రభువగు పూసపాటి ఆనంద గజపతి రాజు ఫ్రెంచివారిపై సాయము కోరగా, బంగాళము నుండి క్లైవు కర్నల్ ఫోర్డ్‌ను పంపెను. 1758 డిసెంబరులో ఇచ్చట ఫోర్డ్‌కును ఫ్రెంచి సేనాని కన్‌ఫ్లాన్స్‌కును పోరు జరిగెను. ఓర్మ్ అను ఇంగ్లీషు చరిత్రకారుని లెక్క ప్రకారము ఫోర్డ్ పక్షమున 470 మంది ఐరోపీయులు, 1,900 మంది సిపాయిలు. కన్‌ఫ్లాన్స్ పక్షమున 500 మంది ఐరోపీయులు, 6,000 మంది సిపాయిలు. రాజుగారి కాల్బలము 5,000. వారిలో పెక్కుమంది చేత బల్లెములు, విండ్లు. ఏబదిమందికొక బొమ్మ చొప్పున నేను లెక్కవేసికొంటిని. ఫోర్డ్ దొరలు తొమ్మండుగురు, సిపాయిలు ముప్పదియెనమండుగురు అయిరి.

ఆ ముప్పదియెనమండుగురకును నేను తెల్లబట్టలు వేసితిని. ఎవరు చెప్పిరని వేసితినో నాకే తెలియదు. సిపాయి యనగా తెలుపని మనసులో నాటుకొనియుండెను. మూడు మార్లు ఆడితిమి. మూడు మార్లును ఫ్రెంచి పక్షము వహించిన నా మిత్రుడు సూటిగా దొరల పటాలము మీదికే వచ్చెను. చరిత్రలో జరిగినది అది కాదంటిని. ఆయన నవ్వి, “దొరలెవరో సిపాయిలెవరో తెలిసిపోతూనే ఉంటే నేనెందుకు మోసపోతానోయ్?” అనెను.

ఆ రాత్రి ఓర్మ్ గ్రంథమును తిరిగి చదివితిని. తప్పు ఆటలో లేదు, నా కుంచెలో ఉన్నది. 1757లో క్లైవు బంగాళమున కూర్చిన సిపాయి దళమునకు ‘లాల్ పల్టన్’ అని పేరు. వారి అంగీలు ఎఱ్ఱనివి. ఫోర్డ్ వెంట వచ్చిన సిపాయిలును ఎఱ్ఱ అంగీలవారే. చందుర్తిలో ఎత్తుగా ఎదిగిన మొక్కజొన్న చేను దొరల పటాలమును మఱుగుపఱచెను. ఇరుప్రక్కల సిపాయిలు మాత్రము బయటికి కనబడుచుండిరి. వారి చిన్న జెండాలను చుట్టి నేలపై ఉంచుడని ఫోర్డ్ ఆజ్ఞ. ఫ్రెంచివారు ఆ ఎఱ్ఱ వరుసను చూచి ఇంగ్లీషు పటాలమేయని భ్రమించి దానిపై పడిరి. సిపాయిలు నిలువలేక చెదరిరి. తఱుముచు వచ్చిన ఫ్రెంచివారి ప్రక్కనుండి, చేని చాటున వేచియున్న దొరలు తుపాకులు పేల్చిరి. కన్‌ఫ్లాన్స్ గుఱ్ఱములు మార్చుచు ఆ రాత్రికే రాజమహేంద్రవరము చేరెను. 1759 ఏప్రిలులో మచిలీపట్టణపు కోటయు ఫోర్డ్ వశమయ్యెను.

ముప్పదియెనిమిది బొమ్మలకును తెలుపు గీకి ఎఱుపు వేసితిని. నాలుగవ ఆటలో జొన్నచేనుకు బదులుగా దర్భపుల్లలు నాటి, చేని వెనుక నేనేమి ఉంచితినో మిత్రునికి చూపలేదు. ఆయన ఎఱ్ఱ వరుసపైకి వచ్చెను. అప్పుడు మాకిద్దఱకును నవ్వు రాలేదు. ఆ అంగీ సిపాయిని దొరను చేయలేదు. దొరకు తగులవలసిన గుండును సిపాయి వైపునకు త్రిప్పినది.

ఈ వినోదమును చేపట్టదలచువారికి నా మనవి ఒక్కటే. సన్నని కుంచె ఒకటి, రంగులు నాలుగు, బొమ్మలు పది చాలును. కాని ఏ రంగు వేసినను, అది ఏల వేయుచున్నామో తెలిసికొని వేయవలెను. ఫోర్డ్, కన్‌ఫ్లాన్స్‌ల పేర్లు చరిత్రలో నిలిచినవి. ఆ సిపాయిలు 1,900 అను సంఖ్యగా నిలిచిరి. నా బల్లమీద ఒక్కొక్కని ముఖమునకు ఒక్కొక్క గంట పట్టినది. ఒకనికి నెరసిన మీసము, ఒకనికి ఇంకను మొలవని మీసము. ఈ సంక్రాంతికి వారు మా కొలువులో క్రింది మెట్టున, దశావతారముల పాదములకడ నిలిచిరి.