బడికి పన్ను ఇంటి మీద

అమెరికాలోని టెక్సాస్‌లో జీతం మీద రాష్ట్ర ప్రభుత్వం పన్ను వేయదు. అమ్మకపు పన్ను వంటివాటి నుంచి బడులకు కొంత ఇస్తుంది. మిగతాది స్థానికంగా బడులు నడిపే స్కూల్ డిస్ట్రిక్టులు ఇళ్లు, స్థలాల మీద పన్ను వేసి రాబట్టుకోవాలి. డాలస్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు ఇది బాగా తెలుసు. ఇంటి పన్ను బిల్లులో పెద్ద పద్దు సాధారణంగా బడిదే.

మరి ఇళ్లే చవకవైతే?

శాన్ ఆంటోనియోలోని ఎడ్జ్‌వుడ్ పేదల పేట. 1960ల చివర్లో అక్కడివాళ్లు 100 డాలర్ల ఆస్తికి 1.05 డాలర్ల చొప్పున పన్ను కట్టేవారు. దాంతో ఒక్కో విద్యార్థికి సమకూరింది 26 డాలర్లు. సంపన్నుల అలమో హైట్స్‌లో 85 సెంట్లు కడితేనే 333 డాలర్లు వచ్చాయి. ఎక్కువ రేటు కట్టినవాళ్ల పిల్లలకే తక్కువ చదువు, ఎంత అన్యాయం! 1968లో ఎడ్జ్‌వుడ్ హైస్కూలు పిల్లలు తరగతులు వదిలి వీధిలోకి వచ్చారు. డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి, మరికొందరు తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 మెజారిటీతో వాళ్ల వాదన తోసిపుచ్చింది.

1989లో మాత్రం టెక్సాస్ సుప్రీంకోర్టు, బడులకు డబ్బు సమకూర్చే ఆ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని ఏకగ్రీవంగా తేల్చింది. 1993లో వచ్చిన చట్టంతో, ఆస్తులు దండిగా ఉన్న డిస్ట్రిక్టుల పన్నులో కొంత మిగతా బడులకు మళ్లడం మొదలైంది.