నేలకు తోడు



ఒకప్పుడు మా పాకాల జంక్షనుకు మీటరుగేజి బండి వస్తే ఆరేసిన బట్టలమీద బొగ్గునుసి పడేది. బొగ్గువల్ల మేమెరిగిన కష్టం అంతే. తవ్విన చోట నేల ఏమవుతుందో ఆలోచించనే లేదు. ఆవిరి ఇంజన్లు పోయినా బొగ్గుతో మన రుణం తీరలేదు. ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రానికి సింగరేణి బొగ్గు వస్తుంది. మనం మిక్సీ తిప్పినా ఆ తవ్వకంలో మనకూ పాలున్నట్టే.

సింగరేణిలో తవ్వకం 1889లో మొదలైంది. చాలాకాలం అన్నీ నేలకింది గనులే. 1975 నుంచి ఓపెన్‌కాస్టు గనులూ వచ్చాయి. అంటే పైనున్న మన్నూ రాయీ అంతా ఎత్తిపోసి బొగ్గు తీయడమన్నమాట. రామగుండం, మణుగూరు వైపు కనిపించే మట్టిగుట్టలు అలా పోసినవే. అడుగున ఉండవలసిన రాయి పైకొచ్చింది, పైనుండవలసిన మెత్తని మన్ను అడుగున పడింది. అటువంటి గుట్టమీద నీరు నిలవదు. వానకు కోసుకుపోయి కింది పొలాల్లో మేట వేస్తుంది.

"నాలుగు మొక్కలు నాటితే సరిపోదా?" అంటారేమో. పాలు ఎంత చిక్కనివైనా తోడు వేయనిదే పెరుగవుతాయా? నేలకు తోడు ఆ పై జానెడు మన్ను. కంటికి కనపడని కోట్ల సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి. కాబట్టి తవ్వకముందే దాన్ని వేరుగా తీసి దాచాలి. అలాగని ఏళ్లతరబడి కుప్పగా వదిలేస్తే అందులోని జీవం చచ్చిపోతుంది.

గుట్టను మెట్లుగా చెక్కి, కాలవలు తీసి, ఆ మన్ను పరిచి, ముందు గడ్డి, జీలుగు, జనుము చల్లాలి. చెనిక్కాయ చెట్టు పెరికినప్పుడు వేళ్లకు చిన్నచిన్న బుడిపెలు చూసే ఉంటారు. గాలిలోని నత్రజనిని నేలకు పట్టిచ్చేవి అవే. కానుగకూ, తుమ్మకూ అవి ఉంటాయి. అందుకే తర్వాత ఆ చెట్లు, వాటి వెనక తక్కినవి.

గని మూసేనాటికి నేలను బాగుచేసే డబ్బును, గని నడుస్తుండగానే ఏటా బ్యాంకులో విడిగా కట్టాలని 2009లో కేంద్ర బొగ్గు శాఖ నియమం పెట్టింది. మనం నెలనెలా చీటీ కట్టుకున్నట్టే. మంచిదే. కానీ డబ్బుతో మొక్కలు కొనగలం. జానెడు మన్ను తయారు కావడానికి వందల నుంచి వేల ఏళ్లు పడుతుంది.

గనిదాకా ఎందుకు? ఇల్లు కట్టేటప్పుడు మనం చేసేదీ అదే. పునాది తవ్వి పైమన్నును రాళ్లకింద పూడ్చేస్తాం, తర్వాత పెరట్లో కరివేపాకు రాలేదని బాధపడతాం. ఈసారి ఆ మన్ను ఒక మూలన పోయించండి. గనుల సంగతి వచ్చినప్పుడు కూడా ఎన్ని మొక్కలు నాటారని అడిగి ఊరుకోకండి. పైమన్ను ఎక్కడ దాచారని అడగండి.